పదకొండు దినాల కిందటి అద్దం

సుహార్ చేపల మార్కెట్ల
జోకే మిషన్లు ముప్పై ఒకటి.
ఒక్కోదాని కడుపుల ఒక చిన్న లినక్స్.
పగలంత వంజరాన్ని జోకుతయి, ట్యూనాను జోకుతయి,
పొలుసుల నీళ్లు మీద పడ్డా కిక్కురుమనవు.
వాటికి మందు వేసే యాళ్ల
రాత్రి ఒంటిగంట నుంచి
తొలి బాంగు దాకా.
బాంగు అయినంక పడవలొస్తయి.
పడవలు ఎవని అప్‌డేట్ కోసమూ ఆగవు.

పోర్టా క్యాబిన్‌ల నేను, గురక పెట్టే ఏసీ.
ఆగస్టు ఉక్క గాజు బయట నిలబడి
చెమట కారుస్తున్నది.
నలభై శాతం కాడ ఆగింది గీత.
సెకనుకు పద్దెనిమిది కేబీ,
బొట్టు బొట్టు కారే నల్లా కింద
డ్రమ్ము పెట్టి కూసున్నట్టు.

"మిర్రర్ మార్చు బాయ్" అన్నడు పక్క కుర్చీల రోనెల్,
మనీలా పిల్లగాడు, నూడుల్స్ నోట్ల పెట్టుకొని.

మిర్రర్ అంటే అద్దమే.
ఎక్కడో ఒక అసలు గది ఉంటది.
దాని సామానంత ఉన్నదున్నట్టు చూపెట్టే అద్దాలు
దేశదేశాన తగిలించి ఉంటయి.
ఏ అద్దం ముందట నిలబడితే ఏం, వస్తువు ఒకటే
అనుకున్న.

జాబితా తెరిచిన.
మొదట ఉన్నది గనుక అందరు దాని మీదనే పడ్డరు,
జీతం పడ్డ తెల్లారి
ఎక్స్ఛేంజ్ల మొదటి కౌంటర్ లెక్క.
నాలుగో కౌంటర్ల పిల్ల
గోళ్లు చూసుకుంట కూసుంటది.

ఒక్కోదాన్ని పిలిచిన.
ఓ అంటే ఓ అనేదాకా ఎంత సేపో లెక్కబెట్టిన.
జర్మనీ నూట ఇరవై మిల్లీసెకన్లు.
సింగపూర్ తొంభై.
ముంబై ముప్పై ఏడు, నా కేక
సముద్రం అడుగున తీగ పట్టుకొని
పోయి వచ్చింది, తడవకుండ.
ఇంకొకటి, మస్కట్‌ది: తొమ్మిది.
తొమ్మిది!
రెప్ప ఇంకా వాలనే లేదు.

పెట్టిన. దుంకింది గీత.
రెండు నిమిషాలకే మిషన్ చెప్పింది,
కొత్తవేం లేవు, అంత మంచిగనే ఉన్నదని.

గంత జల్ది నయమయితదా ఏ రోగమన్నా?

తారీఖు చూసిన.
ఆ అద్దం అసలు గది దిక్కు చూడక
పదకొండు దినాలు.

పదకొండు దినాల కింద
నా దవడ వాచి ఉండె.
రాజలింగు ఇంకా ఇదే క్యాబిన్‌ల ఉండె,
దుఖ్మ్‌కు బదిలీ కాగితం రాకపాయె,
నా చాయల లవంగం నలిపి వేసిండు.
ఆ అద్దంల చూస్తే అవే ఉంటయి,
వాపు, లవంగం వాసన, రాజలింగు.
మిషన్లకు పొక్క పడ్డ సంగతేమో
నిన్నటిది.

రెండుంబావు.
కొద్దిసేపు ఆ అద్దం కాడనే ఉందామనిపించింది,
అబద్ధమెందుకు.

తీసేసిన.

కేకలు బందు చేసి ఈసారి మూటలు మోయించిన.
జల్ది పలికెటోడు జల్ది మోస్తడని ఏం లేదు.
ముంబై రెండు మూటలకే ఆయాసపడ్డది.
తొంభై కాడ మెల్లగ ఓ అన్న సింగపూర్
సెకనుకు తొమ్మిది ఎంబీ భుజానేసుకొని వచ్చింది,
గంట కిందటి తారీఖుతోని.

ఒక్కో మూట మీద ముద్ర చూసుకుంటది మిషన్.
తెచ్చినోడు ఎవడో అడగదు.
ముద్ర మాత్రం అసలు గదిదే కావాలె,
ఒక్క అక్షరం తేడా ఉన్నా
మూట గడప అవతలనే.
రోనెల్ అప్పటికే నిద్రపోయిండు, ఒక చెప్పు జారి.

మూడు నలభై. ముప్పై మిషన్లు అయినయి.
ముప్పై ఒకటోది మొండికేసింది.
వైరు ఊడి ఉన్నది, అంతే.
కింద దూరి పెట్టివచ్చిన, మోకాళ్లకు పొలుసులు.

దుఖ్మ్‌కు మెసేజ్ పెట్టిన: పన్ను తగ్గింది.
ఒక్క టిక్కే పడ్డది.

బాంగు.
బలూచి దాద్ బక్ష్ తొలి వంజరం ఈడ్చుకొచ్చి
పళ్లెం మీద వేసిండు. ఇంకా తోక కొడుతున్నది.
అంకెలు తోకతోని పాటు కాసేపు ఊగినయి,
నిలబడ్డయి:
నాలుగు కిలోల నూట ఇరవై.
"సహీ?" అన్నడు నా దిక్కు తిరిగి.
నేను చేపను చూసిన.
"సహీ."